బళ్లు తిరగని దారి

"మీరు చూసేసరికి టైమెంత, డాక్టరుగారూ?"

"ఏడూ ఇరవై."

"కచ్చితంగా?"

"ఏడూ పదమూడుకి తెర్నాగోలో మా ఇంటి గడప దాటాను. ఇక్కడికి రెండు కిలోమీటర్లు. సైకిల్ మీద ఏడు నిమిషాలు. లెక్క మీరే చూసుకోండి."

ఇన్‌స్పెక్టర్ ఒట్టావియా గెజా లెక్క చూసుకుంది. సరిపోయింది. అయినా నోటుబుక్కులో ఆ అంకె పక్కన చిన్న గీత గీసి వదిలేసింది. ముప్పైనాలుగేళ్ల ఉద్యోగంలో ఆమెకు మిగిలిన అలవాట్లలో అదొకటి. రెండోది, కూర్చునే చోటు కనబడితే కూర్చోవడం. సరస్సు వైపున్న పిట్టగోడ మీద కుడికాలు చాపుకుని కూర్చుంది. మోకాలు మంటెత్తిపోతోంది.

అది పాత సరస్సు రోడ్డు. కొర్వెల్లో గేటు నుంచి తెర్నాగో గేటు దాకా ఐదు కిలోమీటర్లు. ఒకపక్క ఇసేయో సరస్సు, ఇంకోపక్క నిట్టనిలువుగా కొండ. కొండలోంచి కొత్త రోడ్డు తొలిచాక ఈ దారిని సైకిళ్లకూ నడిచేవాళ్లకూ వదిలేశారు. రెండు చివరలా గేట్లు, తాళాలు; నడుమ ఒక చిన్న పాత సొరంగం. పోలీసు జీపైనా తాళంచెవి లేకుండా లోపలికి రాలేదు. తాళంచెవి కోసం పొద్దున్నే మున్సిపాలిటీ గుమస్తా ఇంటి తలుపు కొట్టే ఓపిక లేక, గేటు పక్క కాఫీ కొట్టు గౌదెన్సియో దగ్గర పాత సైకిలు అడిగి తీసుకుని మూడు కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చింది ఒట్టావియా. వయసు యాభై ఎనిమిది. రిటైర్మెంటుకు ఇంకా నాలుగు నెలలు.

ఎదురుగా ఉన్న మనిషి డాక్టర్ అన్సెల్మో గిదీని. అరవై నాలుగేళ్లు. ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆయనే వైద్యుడు. ఒట్టావియా తల్లి ఆఖరి రోజుల్లో వారానికి మూడుసార్లు ఇంటికొచ్చి చూసిన మనిషి. ఈ రోడ్డు మీద బళ్లు తిరగకూడదని ఆరేళ్లు కమిటీ నడిపి, సంతకాలు పోగేసి, చివరికి గేట్లు పెట్టించిందీ ఆయనే. రేపు శనివారం ఆ గేట్లకు పదేళ్లు. జెండాలు, ఉపన్యాసాలు, పిల్లల సైకిల్ ఊరేగింపు.

చనిపోయినవాడు ఎల్వేజియో బొనొమెల్లి. అరవై ఆరు. రోడ్ల శాఖలో గుంతలు పూడ్చే పని చేసి రిటైరయ్యాడు. సరస్సుల చుట్టూ బళ్లు తిరగని దారులన్నీ తొక్కి, ప్రతి దారిలో ఎన్ని మోటారు బళ్లు ఎదురయ్యాయో లెక్కపెట్టి, ఒక చిన్న పుస్తకం వేశాడు. ఈ ప్రాంతంలో సైకిల్ ఉన్న ప్రతి ఇంట్లో ఆ పుస్తకం ఉంది. అందులో ఈ రోడ్డుకు ఎదురుగా ఉన్న అంకె సున్నా.

"ప్రతి శుక్రవారం ఇద్దరూ కలిసి తొక్కేవారా?"

"ఆయన కొర్వెల్లో నుంచి, నేను తెర్నాగో నుంచి. ఈ సొరంగం ముందు కలిసేవాళ్లం. పదకొండేళ్లుగా."

"ఇవాళ చూసేసరికి?"

"కొండ వైపు పడి ఉన్నాడు. తల రాయికి ఆనుకుని ఉంది. నాడి చూశాను, లేదు. ఒళ్లు చల్లబడిపోయింది. ఎత్తు మీద ఊపిరాడక తూలి పడ్డాడనుకుంటాను. గుండె జాగ్రత్త అని ఎన్నిసార్లు చెప్పానో."

"ఏడూ ఇరవైకి చూశారు. అంబులెన్సుకు ఫోన్ చేసింది ఏడూ నలభై ఐదుకి."

డాక్టరు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ప్రాణం పోయిందని తెలిశాక తొందరేముందమ్మా? కూర్చుండిపోయాను. తర్వాత ఫోన్ తీస్తే ఇక్కడ సిగ్నల్ లేదు. సొరంగం దాటి అవతలికి వెళ్లి చేశాను."

"ఆయన ఫోను దొరకలేదు. జేబులో లేదు."

"ఇంట్లో మరిచిపోయుంటాడు. చాదస్తపు మనిషి."

"ఇవాళ పొద్దున్న మీరు కొర్వెల్లో వైపు వెళ్లారా?"

"లేదే. ఎందుకలా అడిగారు?"

"గేటు మీద పండగ బ్యానరు కట్టి ఉంది. ఆరున్నరకి కొట్టు తీసినప్పుడు లేదట, ఏడింటికి కుర్చీలు వేయడానికి బయటికొస్తే ఉందట. గౌదెన్సియో చెప్పాడు."

"ఎల్వేజియో కట్టుంటాడు. నిన్న ఆయనకే ఇచ్చాను." డాక్టరు లేచాడు. ముఖం పాలిపోయి ఉంది, చెంపల మీద నెరిసిన గడ్డం. "ఒట్టావియా గారూ, నన్ను ఇర్మా దగ్గరికి వెళ్లనివ్వండి. భర్త పోయాడన్న మాట ఫోన్లో విన్న మనిషి. ఒంటరిగా ఉంది. బీపీ ఉంది."

ఒట్టావియాకు ఆ ముఖం చూస్తే జాలేసింది. తల్లి మంచం పక్కన ఈ మనిషే ఇలాగే నిలబడి, ఇంకేమీ చేయలేమమ్మా అని చెప్పిన పొద్దు గుర్తొచ్చింది. "వెళ్లండి. సాయంత్రం స్టేట్‌మెంటు మీద సంతకం పెడుదురు గాని," అంది.

డాక్టరు తన సైకిలెక్కి కొర్వెల్లో వైపు దిగిపోయాడు. బెల్లూ, వెనక మందుల బ్యాగూ తప్ప ఇంకో సామాను లేని పాత సైకిలు అది. అప్పటికి తొమ్మిదీ ఇరవై ఐదు.

* * *

శవాన్ని తీసుకెళ్లిపోయారు. సైకిలు మాత్రం పడినచోటే ఉంది. దాని చుట్టూ ఆధారాలు సేకరించే ఫ్లోరియానా గొంతుక్కూర్చుని ఫొటోలు తీస్తోంది. నలభై ఏళ్ల మనిషి, సెలవు రోజుల్లో తనూ సైకిల్ తొక్కుతుంది.

"మేడమ్, కాస్త ఇటు రండి."

"అక్కణ్నుంచే చెప్పు. లేవాలంటే నాకు ఓ కారణం కావాలి."

"కారణమే. గేరు చూడండి."

ఒట్టావియా మోకాలు పట్టుకుని లేచింది.

"చెయిను ముందు పెద్ద పళ్లచక్రం మీదుంది, వెనక అన్నిటికంటే చిన్నదాని మీదుంది," అంది ఫ్లోరియానా. "ఇది పల్లంలో జోరుగా వెళ్లేటప్పుడు వేసే గేరు. ఇక్కడేమో సొరంగం ముందు ఎత్తు. ఈ గేరులో ఈ ఎత్తు ఎక్కాలంటే నా వల్ల కూడా కాదు. అరవై ఆరేళ్లాయన, గుండె జాగ్రత్తగా చూసుకునే మనిషి, ఎందుకు ఎక్కుతాడు?"

"పడినప్పుడు గేరు మారదా?"

"ఒక పన్ను అటూ ఇటూ జారొచ్చు. ఆ చివర్నుంచి ఈ చివరకి రాదు. ఇంకోటి చూడండి. ఆయన రాయికి కొట్టుకున్నాడంటున్నారు. అలాగైతే ముందు చక్రం వంగాలి. ముందుది తిప్పితే నిక్షేపంగా తిరుగుతోంది. వెనక చక్రం మాత్రం అప్పడంలా ముడుచుకుపోయింది. మూడు చువ్వలు తెగాయి."

ఒట్టావియా వంగి చూసింది. సీటు కింద వెనక లైటు బిగించే క్లిప్పు ఉంది. క్లిప్పులో లైటు లేదు. క్లిప్పు కొన విరిగి, విరిగినచోట ప్లాస్టిక్ తెల్లగా, కొత్తగా ఉంది.

"లైటు ముక్కలు దొరికాయా?"

"చుట్టూ ఇరవై మీటర్లు చేత్తో తడిమాను మేడమ్. చిన్న ఎర్ర ముక్క కూడా లేదు."

ఒట్టావియా రోడ్డు మీదికి చూసింది. రాలిన ఆకులు, తడి, ఒకచోట సైకిలు టైరు గీత. వెనక నుంచి ఏదో గుద్దితే తప్ప వెనక చక్రం అలా ముడుచుకోదు. గుద్దేది బండి. ఈ దారిలో బండి తిరగదు. ఆ రెండు మాటల మధ్య ఆమె మెదడు కాసేపు అలిసిన గాడిదలా ఆగిపోయింది.

అప్పుడే సొరంగంలోంచి ఇంజిన్ చప్పుడు వినిపించింది.

నల్ల కారు ఒకటి దీపాలు వేసుకుని బయటికొచ్చింది. ఆధారాలకు కట్టిన పసుపు టేపును బంపరుతో తోసి, సైకిలుకు ఐదడుగుల దూరంలో ఆగింది. అందులోంచి డిప్యూటీ కమిషనర్ కొర్రాదో లాన్‌ఫ్రాంకి దిగాడు. నలభై మూడేళ్లు, ఇస్త్రీ మడత నలగని కోటు. పన్నెండేళ్ల కిందట ఒట్టావియా దగ్గర పంచనామా రాయడం నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆమె రాసిన పంచనామాలు ఆయన బల్ల మీదికి వెళ్తాయి.

"గుడ్ మార్నింగ్ మేడమ్."

"కారు వెనక్కి తియ్యి, కొర్రాదో."

"ఏమైంది?"

"ఆ చక్రాల కింద నా టైరు గుర్తులున్నాయి. ఉండేవి."

కొర్రాదో కిందికి చూసి, భుజాలెగరేశాడు. "సైకిల్ మీద నుంచి పడ్డ ముసలాయన కేసులో టైరు గుర్తులెందుకు? డాక్టరే చెప్పాడుగా, గుండె ఆగి పడ్డాడని. ఆయన నోటిమాట పోస్టుమార్టంతో సమానం."

"డాక్టరు చూసింది మనిషిని. నేను చూస్తున్నది సైకిల్ని. దీన్ని వెనక నుంచి ఏదో బండి గుద్దింది."

"ఈ దారిలో బండా?" అతను చిన్నగా నవ్వాడు. "మేడమ్, పొద్దున్నే వచ్చిన అలసట మీది. పదేళ్లుగా ఒక్క స్కూటరు కూడా తిరగని రోడ్డు ఇది."

"నువ్విప్పుడు దేంట్లో వచ్చావు?"

నవ్వు పోయింది. "నాకు తాళంచెవి ఇచ్చారు."

"అదే నేనూ అంటున్నాను. తాళంచెవి ఉన్నవాళ్లు ఎంతమంది?"

"మున్సిపాలిటీ, అంబులెన్సు, రోడ్డు కమిటీ. మూడే. మున్సిపాలిటీది నా దగ్గరుంది. నిన్న సాయంత్రం నుంచి గుమస్తా సొరుగులో ఉన్నదాన్ని ఎనిమిదింటికి నేనే తీసుకున్నాను. అంబులెన్సు డాక్టరు పిలిచాక, ఎనిమిది కావస్తుండగా వచ్చింది. ఇంకేం కావాలి?"

"మూడోది."

"మూడోది డాక్టరుగారి దగ్గర." కొర్రాదో గొంతు తగ్గించాడు. "వినండి. రేపు ఇక్కడ నాలుగొందల మంది పిల్లలు సైకిళ్లు తొక్కబోతున్నారు. పైనుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. పన్నెండింటికి విలేఖరులకు ఒక మాట చెప్పాలి. ప్రమాదం అని చెప్తాను. మీరు అనుమానం అని రాస్తే రోడ్డు మూసెయ్యాలి, పండగ ఆపాలి. దేనికోసం? ఒక గేరు కోసమా?"

"గేరు, చక్రం, లైటు. మూడు."

"మీరింకా నాలుగు నెలలుంటారు. హాయిగా ఇంటికి వెళ్లొచ్చుగా."

ఒట్టావియా నోటుబుక్కు మూసింది. కోపం తెచ్చుకోవడానికి కూడా శక్తి కావాలి. అది ఆమె దగ్గర లేదు.

"నీకు మొదటి పంచనామా నేర్పినప్పుడు ఏం చెప్పానో గుర్తుందా? తెలియని చోట ఖాళీ వదిలెయ్యమన్నాను. నచ్చిన మాట రాసి నింపొద్దన్నాను. పన్నెండింటికి ఏం చెప్పుకుంటావో చెప్పుకో. సంతకం మాత్రం నాది కావాలి, అది ఇప్పుడే రాదు. కారు తియ్యి."

కొర్రాదో కారు తీశాడు. సొరంగంలోకి వెనక్కి పోతూ పసుపు టేపు రెండు మూరలు ఈడ్చుకుపోయాడు. అప్పటికి తొమ్మిదీ యాభై.

* * *

"మేడమ్, మీటరు తెరుచుకుంది," అంది ఫ్లోరియానా.

సైకిలు హ్యాండిల్ మీద అగ్గిపెట్టెంత మీటరు ఒకటి ఉంది. దాన్ని వైరుతో తన లాప్‌టాప్‌కి కలిపి, పిట్టగోడ మీద పెట్టింది. ఎల్వేజియో ప్రతిదీ లెక్కపెట్టుకునే మనిషి. ఆగిన నిమిషాలు కూడా నమోదయ్యేలా పెట్టుకున్నాడు.

"ఇందులో దూరం రెండు రకాలుగా లెక్కవుతుంది. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో చూసి ఒక లెక్క. జీపీఎస్ చూసి ఇంకో లెక్క. మామూలుగా రెండూ ఒకటే రావాలి."

"రాలేదా?"

"జీపీఎస్ మూడు కిలోమీటర్లు అంటోంది. సరే, గేటు నుంచి ఇక్కడికి మూడే. చక్రం మాత్రం ఒకటి పాయింటు ఎనిమిది దగ్గరే ఆగిపోయింది."

ఒట్టావియా లాప్‌టాప్ మీదికి వంగింది.

"అంటే మేడమ్, ఒక కిలోమీటరూ రెండొందల మీటర్లు ఈ సైకిలు చక్రం తిరక్కుండా కదిలింది. ఎవరో మోసుకొచ్చారు."

"టైములు చెప్పు. మెల్లగా."

"ఆరూ యాభై ఐదుకి గేటు దగ్గర బయల్దేరాడు. ఏడూ ఒకటికి, ఒకటి పాయింటు ఎనిమిది కిలోమీటర్ల దగ్గర, అక్కడ పల్లం, వేగం ముప్పై ఒకటి. అంతే, చక్రం ఆగిపోయింది. నాలుగు నిమిషాలు కదలిక లేదు. ఏడూ ఐదుకి జీపీఎస్ కదిలింది. ఏడూ ఏడుకి ఇక్కడ ఆగింది. రెండు నిమిషాల్లో పన్నెండొందల మీటర్లు. నడిచేవాడు కాదు, తొక్కేవాడు కాదు. ఇంజిన్ బండి."

గౌదెన్సియో చెప్పినదీ అదే. రేడియోలో ఏడింటి వార్తలకు ముందు, ఐదు నిమిషాలు తక్కువలో, ఎల్వేజియో కాఫీ ముగించి బయటికెళ్లాడు. అదే నిమిషంలో మీటరు కదిలింది. బ్యానరు కట్టడానికి ఆయనకు టైము లేదు. ఆయన వెళ్లాక, ఏడు కొట్టేలోపు, ఇంకెవరో వచ్చి కట్టారు. కట్టి, గేటు తాళం తీసి, చుట్టుతిరిగి కొత్త రోడ్డెక్కే బదులు, ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అని పాత రోడ్డు మీదుగా బండి పోనిచ్చారు.

రోడ్డు కమిటీకి జెండాలు మోసే తెల్లటి వ్యాను ఒకటుంది. అది ఉండేది డాక్టరు ఇంటి పెరట్లో. ఎల్వేజియోనూ ఆయన సైకిలునూ ఇక్కడ దించేసి, రెండు కిలోమీటర్ల అవతల తెర్నాగోలో వ్యాను పెట్టి, తన సైకిలు తీసుకుని వెనక్కి రావడానికి ఎంతసేపు పడుతుంది? ఏడూ ఇరవై. ఆయన చెప్పిన టైము అబద్ధం కాదు. ఆయన నిజంగానే ఏడూ ఇరవైకి ఇక్కడికి వచ్చాడు. రెండోసారి.

ఒట్టావియా కళ్లు మూసుకుంది. గెలిచినట్టేమీ అనిపించలేదు. ఆమెకు బాగా ఇష్టమైన మనుషులు ఈ ఊళ్లలో ఐదారుగురు మిగిలారు. ఇప్పుడు ఒకరు తగ్గారు.

"ఇంకోటుంది మేడమ్." ఫ్లోరియానా గొంతు మారింది. "ఆయన ఛాతీకి పట్టీ కట్టుకుని ఉన్నాడు. గుండె ఎంత కొట్టుకుంటోందో అది ఈ మీటరుకు చెప్తుంది. దేహాన్ని ఎత్తేటప్పుడు తీసి పెట్టాను. అది కూడా ఇందులో ఉంది."

"ఏడూ ఒకటికి ఆగిపోయిందా?"

"లేదు. ఏడూ ఒకటికి నూట నలభై. బండిలో తెచ్చేటప్పుడు తొంభై ఆరు. ఏడూ ఇరవైకి..." ఆమె గీత మీద వేలు పెట్టింది. "డెబ్భై నాలుగు."

"డాక్టరు నాడి లేదన్న టైముకి."

"అవును. తర్వాత మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఆగింది ఏడూ నలభై ఒకటికి."

ఒట్టావియా కొండ వైపున్న ఆ రాయిని చూసింది. దాని పక్కన గడ్డి ఒకచోట నలిగి ఉంది. మనిషి కూర్చున్నంత మేర. ఇరవై ఒక్క నిమిషాలు ఒక వైద్యుడు స్నేహితుడి పక్కన కూర్చుని ఎదురుచూశాడు. అంబులెన్సు స్టేషను తెర్నాగోలోనే ఉంది. పిలిస్తే ఎనిమిది నిమిషాల్లో వచ్చేది.

ఆమె జేబులో ఫోను మోగింది.

ఒక్క క్షణం ఆ మోత ఎక్కడిదో అర్థం కాలేదు. తీసి చూసింది. సిగ్నల్ నిండుగా ఉంది.

"ఇన్‌స్పెక్టరమ్మా, నేను ఇర్మాని. ఎల్వేజియో ఇంటిదాన్ని. పొద్దున్న మీ నంబరు ఇచ్చారు కదా, ఇంటి ఫోను నుంచి చేస్తున్నాను. ఇబ్బందేమీ లేదుగా?"

"లేదమ్మా. చెప్పండి."

"పొద్దున్న రొట్టెల పిండి కలుపుతున్నాను, చేతులకు పిండి. సెల్‌ఫోను మోగితే తియ్యలేదు. ఇందాక చూస్తే అది ఆయన నంబరే. ఏడూ పంతొమ్మిదికి. నేను తియ్యకపోతే ఏదో రికార్డయింది. నిమిషం ఉంది. నాకు చెవులు సరిగా వినపడవు తల్లీ. ఊపిరి తీస్తున్నట్టుంది. ఆఖర్న ఎవరో మాట్లాడుతున్నట్టుంది. ఆయన మాట్లాడితే నాకు వినపడకుండా పోతుందా? డాక్టరుగారికి వినిపించాను. గాలి చప్పుడేనమ్మా, వింటే బాధ, తుడిచేస్తానన్నారు. నేనే వద్దన్నాను. ఎంతైనా ఆయన ఊపిరి కదా."

ఒట్టావియా వెన్ను నిటారుగా అయింది. "డాక్టరుగారు ఇప్పుడు ఎక్కడున్నారు?"

"సైకిల్ మీదున్న బ్యాగు తెస్తానని బయటికెళ్లారు. నా బీపీ ఎక్కువుందట."

"ఇర్మా గారూ, ఆ రికార్డు ఇప్పుడే నాకు వినిపించండి. సెల్‌ఫోను ఈ ఫోనుకు ఆనించి పెట్టగలరా?"

"పెద్దగా వచ్చేలా పెట్టడం మా అమ్మాయి నేర్పింది. ఉండండి."

గరగరమంది. తర్వాత ఊపిరి. తడిగా, దూరం దూరంగా. ఇర్మా అనే మాట సగం వచ్చి ఆగిపోయింది. ఇంకా ఊపిరి. తర్వాత సైకిలు తొక్కడం మానేసినప్పుడు వెనక చక్రం చేసే టిక్కుటిక్కు చప్పుడు, దగ్గరవుతూ, ఆగింది. ఆపైన ఒక మగ గొంతు. మెత్తగా, ఓపికగా, రోగి మంచం పక్కన మాట్లాడినట్టు.

"ఫోను ఇటివ్వు, ఎల్వేజియో. మాట్లాడకు. నేనొచ్చాను కదా."

రికార్డు అయిపోయింది. ఫ్లోరియానా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒట్టావియా ఆమెకు సైగ చేసింది: కొర్వెల్లో స్టేషనుకు ఫోన్ చెయ్యి, ఇర్మా ఇంటికి మనిషిని పంపమను, వెంటనే.

"ఇర్మా గారూ, జాగ్రత్తగా వినండి. ఆ సెల్‌ఫోను చేత్తో పట్టుకుని, వీధి తలుపు తీసుకుని గౌదెన్సియో కొట్టుకు వెళ్లండి. ఇప్పుడే. నేను అక్కడికే వస్తున్నాను."

"ఇప్పుడా? అదిగో, డాక్టరుగారు వచ్చేశారు. ఇంజెక్షన్ తెచ్చారు. ఇన్‌స్పెక్టరమ్మండీ, మీతోనే, మాట్లాడతారా?"

"ఇర్మా గారూ, ఇంజెక్షన్ వద్దు. వద్దని చెప్పండి. ఇర్మా..."

ఫోను చేతులు మారింది.

"ఒట్టావియా గారూ," అంది అదే మెత్తటి గొంతు. "ఈవిడకు విశ్రాంతి కావాలి."

ఒట్టావియా అప్పటికే గౌదెన్సియో సైకిలు దగ్గరికి నడిచింది. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కి, కుంటుతూ కాలు అటు వేసింది. ఇతన్ని మాటల్లో పెట్టాలి. మాట్లాడినంతసేపూ ఆ చెయ్యి ఆగుతుంది.

"డాక్టరుగారూ, నేను మిమ్మల్ని ఒకటి అడగాలి. మీరొక్కరే చెప్పగలరు."

"అడగండి."

"వెనక నుంచి తగిలిన దెబ్బకు ఆయన బతికేవాడా?"

వెనక ఇర్మా ఏదో అంటోంది, చొక్కా చెయ్యి పైకి మడవనా అని. ఫ్లోరియానా చేత్తో తన ఫోను మూసి, పెదవులతో చెప్పింది: డ్యూటీలో ఒక్కడే ఉన్నాడట, అతనూ ఇప్పుడు కొండపై ఊళ్లో. రావడానికి పావుగంట.

"వెన్ను విరిగింది," అన్నాడు డాక్టరు. "బతికితే మంచంలోనే. అలాంటి బతుకు ఆయన భరించేవాడు కాదు. నేను అలా అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులువైంది." ఆగాడు. గొంతులో అంతులేని అలసట. "ఆ ఒక్కసారే బండి తెచ్చాను, ఒట్టావియా గారూ. పదేళ్లలో ఒక్కసారి. పండక్కి ఆలస్యమవుతుందని."

"నమ్ముతాను. సూది కింద పెట్టండి. మనం కూర్చుని మాట్లాడుకుందాం."

"ఆయన సైకిల్ మీద మీటరు ఉంది కదా. ఇందాక బయటికెళ్లాక గుర్తొచ్చింది. అందులో గుండె ఎప్పుడాగిందో ఉంటుందా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పాలని కూడా ఆమెకు తట్టింది. ఆ గొంతును మాత్రం మోసం చేయలేకపోయింది.

"ఉంటుంది. ఏడూ నలభై ఒకటి."

"నాకు తెలుసు," అన్నాడు డాక్టరు. "నా వేళ్లు అంతసేపూ ఆయన మణికట్టు మీదే ఉన్నాయి."

ఫోను ఆగిపోయింది.

ఒట్టావియా దాన్ని జేబులో పడేసుకుని, చెడ్డ మోకాలి మీద బరువంతా వేసి పెడలు తొక్కింది. ముందున్నవి మూడు కిలోమీటర్లు. దారి ఖాళీగా ఉంది. కనుచూపుమేరలో లిఫ్టు అడగడానికి ఒక్క బండి లేదు.